ఏరిపారేసిన గింజ

మైపాడు సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద ఇందుకూరుపేట దాటాక నేల రంగు మారుతుంది. పెన్నా కాలువల కింది వరి మడులు వెనకబడి, అడుగు వేస్తే కూరుకుపోయే తెల్ల ఇసుక మొదలవుతుంది. సరుగుడు తోపులు, తాళ్ళు, వాటి నడుమ అక్కడక్కడ శనక్కాయ చేలు. పుస్తకాల్లో వేరుశనగ, తెలంగాణలో పల్లీ. మా నెల్లూరు ఒడ్డున మాత్రం అది శనక్కాయే.

ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ ఒడ్డునే ఒక పల్లెలో, పంచలో కూర్చుని చేటలో గింజలు ఏరుతున్న ఒక అవ్వ పక్కన చతికిలబడ్డాను. వచ్చే ఏడు విత్తనానికి, ఇంట్లో పిల్లలకు బెల్లం ఉండలకు దాచుకునే గింజలవి. ఆమె వేళ్ళు చూడకుండానే పనిచేస్తున్నాయి. నిండుగా, లేత ఎరుపుగా ఉన్నవి చేటలో మిగులుతున్నాయి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పురుగు తొలిచినవి, తొక్క రంగు మాసినవి ఒళ్ళోకి రాలుతున్నాయి. ఒళ్ళో గింజ ఒకటి తీసి గోటితో రెండు బద్దలు చేసి నా అరచేతిలో పెట్టింది. పైకి కాస్త వన్నె తగ్గిందే తప్ప మామూలు గింజలాగే ఉంది. లోపల, రెండు బద్దల నడుమ ఉండే సన్నటి సందులో, పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి. వేలితో తాకితే బూడిదలా అంటుకుంది.

"నోట్లో పడితే ఇసం మాదిరి చేదు నాయనా. ఊసెయ్యాల్సిందే."

"మరి వీటినేం చేస్తావవ్వా?"

"గేదె దాణాలో ఏస్తా. ఎక్కువుంటే గానుక్కి పోతాయి. కష్టపడి పండించుకుంది పారబోసుకుంటామా?"

ఆమె మాటవరసకు 'ఇసం' అంది. నా అరచేతిలో ఉన్నది నిజంగానే విషం తయారుచేసే బూజు. పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. అది చేసే విషం పేరు అఫ్లాటాక్సిన్. ఆ చేదు మాత్రం అఫ్లాటాక్సిన్‌ది కాదు, బూజు పట్టి నూనె చెడిన గింజది. విషానికి రుచీ లేదు, వాసనా లేదు. చేదు తగిలి ఊసేసిన గింజ పోగా, చేదు తగలని గింజలో కూడా అది ఉండవచ్చు. అంతకన్నా నన్ను పట్టుకున్నది ఆమె రెండో మాట. ఏరిన గింజ ఎక్కడికి పోతోంది? ఆ ఒళ్ళోని గుప్పెడు గింజల వెంట నడిస్తే శనక్కాయ చేను నుంచి పసిపిల్లల పాలగ్లాసు దాకా దారి కనిపిస్తుంది.

ఈ విషం లోకానికి తెలిసింది కోళ్ళ షెడ్ల నుంచి. 1960లో ఇంగ్లండులో కొద్ది నెలల్లోనే లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. కారణం తెలియక దానికి 'టర్కీ ఎక్స్ వ్యాధి' అని పేరు పెట్టారు. వెతుక్కుంటూ పోతే అన్ని షెడ్లకూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క కలిపిన దాణా. ఆ చెక్కలోంచి బూజునూ, బూజులోంచి విషాన్నీ పట్టుకున్నారు. ఆస్పర్‌జిల్లస్‌లోని 'అ', ఫ్లేవస్‌లోని 'ఫ్లా' కలిపి అఫ్లాటాక్సిన్ అన్నారు. అతినీలలోహిత కాంతి కింద నీలంగా మెరిసినవాటికి బి1, బి2 అనీ, ఆకుపచ్చగా మెరిసినవాటికి జి1, జి2 అనీ పేర్లు. అన్నిటిలోకీ క్రూరమైనది బి1.

మన దగ్గరికి ఆ వార్త చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ముర్రా గేదెలకు వేరుశనగ మేపు వల్ల విషం తగిలిన సంగతిని జి.ఎ. శాస్త్రి, ఆయన సహచరులు 1965లోనే భారత పశువైద్య పత్రికలో రాశారు. 1982లో చిత్తూరు జిల్లాలో కోళ్ళ ఫారాలు ఇదే విషంతో దెబ్బతిన్నాయి. అంటే మన గేదెలూ, మన కోళ్ళూ అరవై ఏళ్ళుగా మనకు కబురు పంపుతూనే ఉన్నాయి.

మనుషుల సంగతి 1974లో బయటపడింది. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో గిరిజన పల్లెల్లో జనానికి కామెర్లు వచ్చి, పొట్ట ఉబ్బి, ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ళ ఇళ్ళలో అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్ళి చూస్తే, కోత వేళ అకాల వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న కనిపించింది. నమోదైన 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. వాళ్ళకు ఆ మొక్కజొన్న చెడిందని తెలియక కాదు. ఇంట్లో ఇంకో తిండి లేదు. ఈ విషం చరిత్రలో ఎక్కడ తవ్వినా ఆ మాటే తగులుతుంది.

కిలో గింజల్లో ఎంత ఉంటే ప్రమాదం? మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నేరుగా తినే గింజలకు కిలోకు 10 మైక్రోగ్రాములు, ఇంకా శుద్ధి చేయాల్సిన గింజలకు 15 మైక్రోగ్రాములు హద్దు పెట్టింది. మెత్తటి ఉప్పు రేణువు ఒకటి సుమారు 60 మైక్రోగ్రాములు తూగుతుంది. అందులో నాలుగో వంతు, కిలో గింజల మొత్తం మీద. అంతకు మించకూడదు.

ఇంత చిన్న లెక్కను ఒక్క గింజ తలకిందులు చేయగలదు. 1960లలో అమెరికాలో గింజలను ఒక్కొక్కటిగా విడదీసి పరీక్షించినప్పుడు, గ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు దాటిన గింజలు కూడా దొరికాయి. మన చేలలో పండే గింజ బరువు దాదాపు 0.4 గ్రాము. అలాంటి గింజ ఒక్కటైతే అందులో 400 మైక్రోగ్రాముల విషం. దాన్ని 20 కిలోల శుభ్రమైన గింజల్లో కలిపి రుబ్బితే ఆ పిండి మొత్తంలో కిలోకు 20 మైక్రోగ్రాములు తేలుతుంది. హద్దు దాటిపోయింది. 20 కిలోలంటే యాభై వేల గింజలు. యాభై వేలలో ఒక్కటి!

అందుకే పరీక్షలు ఇంత మోసం చేస్తాయి. గోతాంలోంచి గుప్పెడు తీసి ప్రయోగశాలకు పంపితే, ఆ ఒక్క గింజ గుప్పెట్లో పడకపోతే సరుకంతా శుభ్రమని కాగితం వస్తుంది. పడితే సరుకంతా విషమని వస్తుంది. రెండూ తప్పే. అందుకే అవ్వ చేతి వేళ్ళను నేను అంత గౌరవంగా చూశాను. విషం గోతాం నిండా సమంగా పరుచుకుని ఉండదు, కొన్ని గింజల్లోనే గడ్డకట్టుకుని ఉంటుంది. ఆ కొన్నింటినీ ఏరగలిగితే మిగతా సరుకు చాలావరకు బాగుపడుతుంది. పెద్ద మిల్లుల్లో రంగును బట్టి గింజను ఎగరగొట్టే కలర్ సార్టర్ యంత్రాలు చేసేది కూడా చేట పనే.

ఇక అసలు సంగతి, గింజలోకి ఈ బూజు ఎప్పుడు దూరుతుంది? గోదాములో, వర్షంలో తడిసినప్పుడు అని చాలామంది అనుకుంటారు. అదీ ఉంది. కానీ కథ మొదలయ్యేది ఇసుకలో, కాయ ఇంకా మొక్కకు వేలాడుతుండగానే.

శనక్కాయ వింత మొక్క. పూత నేల మీద పూస్తుంది, కాయ నేల లోపల కాస్తుంది. పూవు వాడాక దాని మొదలు నుంచి ఊడ బయలుదేరి కిందికి వంగి మట్టిలో దిగుతుంది. ఊడ కొసన కాయ ఊరుతుంది. ఆస్పర్‌జిల్లస్ నివాసం కూడా ఆ మట్టే. కుళ్ళిన ఆకు, పాత గుల్ల, చచ్చిన వేరు, అన్నిటి మీదా బతికే మామూలు నేల బూజు అది. మిగతా పంటలకు గింజ గాలిలో ఉంటుంది. శనక్కాయ మాత్రం రెండు నెలలు శత్రువు ఇంట్లోనే కాపురం చేస్తుంది.

అయినా బాగా నీరు అందిన చేలో గింజ చెడదు. ఎందుకంటే గింజకు తన కాపలా తనకు ఉంది. బూజు పోగు తగలగానే పచ్చి గింజ స్టిల్బీన్లు అనే రసాయనాలను తయారుచేసి దాన్ని అడ్డుకుంటుంది. ద్రాక్ష తొక్కలో ఉందని పేరుమోసిన రెస్వెరట్రాల్ ఆ కుటుంబానిదే. ఈ కాపలా నడవాలంటే గింజలో నీరు ఉండాలి. కోతకు ముందు నాలుగైదు వారాలు నేల ఎండిపోయి, కాయ చుట్టూ వేడి పెరిగితే గింజలోని తేమ తగ్గుతుంది, కాపలా ఆగిపోతుంది. ఆస్పర్‌జిల్లస్‌కు ఆ ఎండ ఒక లెక్క కాదు. మిగతా బూజులు, సూక్ష్మజీవులు నీరు చాలక చతికిలపడే నేలలో అది హాయిగా పెరుగుతుంది. పోటీ లేని సంత దానిది. అంతకన్నా ఎండితే గింజ అదీ పెరగలేనంత గట్టిపడుతుంది. నడిమి కాలమే గండం, కాయ పూర్తిగా పచ్చిగానూ లేక పూర్తిగా ఎండకా ఉన్న ఆ కొద్ది రోజులు.

ఇప్పుడు నెల్లూరు ఒడ్డుకు రండి. ఇక్కడ వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలు మోసుకొచ్చేది. ఆ వాన తగ్గాక విత్తనం పడుతుంది. మొక్క బాల్యమంతా చల్లగా గడిచి, కాయ ఊరే వేళకు మార్చి ఎండలు వచ్చేస్తాయి. ఇసుక నీటిని నిలుపుకోదు. ఇవాళ పెట్టిన తడి మూడో రోజుకు ఉండదు. నల్లరేగడి చేలకన్నా తేలిక నేలల్లో కాయకు ఈ బూజు ఎక్కువ సోకుతుందని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్ళ కిందటే చూపించారు. మన ఒడ్డు ఇసుక ఎంత తేలికో చెప్పనక్కర్లేదు.

ఈ ఇసుకకు నీరు దొరువు నుంచి వస్తుంది. దొరువంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంట. సముద్రపు ఒడ్డు నేలలో ఉప్పునీరు కింద ఉంటుంది, వాననీరు తేలికగా దాని మీద తేలుతూ పలచటి పొరలా నిలుస్తుంది. దొరువు ఆ పొరను మీగడ తీసినట్టు తీస్తుంది. పాత రోజుల్లో దొరువులోకి దిగి కడవలతో ముంచి మొక్కమొక్కకూ పోసేవాళ్ళు. ఇప్పుడు మోటార్లు వచ్చాయి. ఆత్రపడి తోడితే మంచినీటి పొర తరిగి కింది ఉప్పు పైకి లేస్తుంది. మార్చి నెలాఖరుకు దొరువు సవుడెక్కిందంటే రైతు చివరి తడి మానేస్తాడు. ఉప్పు తడి పెట్టి చేనును కాల్చుకోవడం కన్నా అదే నయమనుకుంటాడు. పైకి చూస్తే కాయ అప్పటికే ఊరింది, ఒక తడి తగ్గితే దిగుబడిలో పెద్ద తేడా కూడా ఉండకపోవచ్చు. తేడా అంతా లోపలి గింజ కాపలాలో వస్తుంది. ఒక్క చివరి తడి అఫ్లాటాక్సిన్ మీద చేసే పని ఏ మందూ చేయలేదు. ఈ ఒడ్డు రైతుతో ఒక్క మాటే చెప్పే వీలుంటే నేను చెప్పేది అదే. ముందు తడుల్లో కొంత పొదుపు చేసినా సరే, దొరువులో చివరి తడికి నీరు మిగుల్చుకోవాలి.

సున్నం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాయ గుల్ల గట్టిపడటానికి కాల్షియం కావాలి. దాన్ని వేరు తెచ్చిపెట్టదు, కాయే తన చుట్టూ ఉన్న మట్టి తేమలోంచి పీల్చుకుంటుంది. అందుకే ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ళ దగ్గర వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. తేమ లేని ఇసుకలో జిప్సం వేసినా కాయకు అందదు. గుల్ల పలచబడితే, చెదలు కొరికితే, నులిపురుగు గుచ్చితే అదే బూజుకు తలుపు. డెబ్బైలలో మన పొరుగున కాళహస్తి ప్రాంతంలో కాయల మీద నల్లటి మచ్చలతో బయటపడి రైతులను హడలెత్తించిన 'కాళహస్తి తెగులు' నులిపురుగు చేసిన పనే. తట్టుకునే తిరుపతి-3 రకం వచ్చాక రైతు ఊపిరి పీల్చుకున్నాడు.

చేను పీకాక రెండో గండం. పీకిన మొక్కలను కాయ పైకి, ఆకు కిందికి వచ్చేలా తిరగేసి పరిస్తే గాలీ ఎండా తగిలి కాయ త్వరగా ఆరుతుంది. కూలీలు దొరకని రోజుల్లో పచ్చిగానే వామి వేస్తే లోపల వేడెక్కి ముక్కిపోతుంది. కాయలో తేమ 8, 9 శాతం లోపుకు దిగితే బూజు ఆగుతుంది. పల్లెలో తేమ మీటరు ఉండదు. చెవి ఉంటుంది. కాయను చెవి దగ్గర ఆడించి గలగల వింటారు, గింజను రెండు వేళ్ళ మధ్య నలిపి తొక్క ఊడుతుందా చూస్తారు. ఒడ్డున ఇంకో చిక్కు ఉంది. పగలంతా ఎండిన కాయ రాత్రి సముద్రపు గాలిలోని తేమను మళ్ళీ తాగేస్తుంది. పొద్దుగూకగానే పట్ట కప్పే ఇంటి కాయకూ, ఆరుబయట వదిలేసిన ఇంటి కాయకూ పది రోజుల్లో తేడా కనిపిస్తుంది.

ఇంత జాగ్రత్త పడ్డ రైతు సరుకు కొనుగోలుదారు దగ్గరికి వెళ్ళాక ఏమవుతుందో తలచుకుంటే బాధ వేస్తుంది. వలుపు మిషన్‌లో పోసే ముందు కాయ మీద నీళ్ళు చల్లే అలవాటు చాలా చోట్ల ఉంది. బాగా ఎండిన గింజ మిషన్‌లో బద్దలవుతుంది, బద్దకు ధర తక్కువ. కాస్త తడిపితే గింజ మెత్తబడి నిండుగా వస్తుంది, తూకమూ పెరుగుతుంది. రైతు పది రోజులు ఆరబెట్టి దించిన తేమను పది నిమిషాల్లో తిరిగి ఎక్కిస్తున్నాం. ఆ తడి గింజ గోతాంలో కట్టి, లారీలో వేసి, రేకుల గోదాములో పెడితే బూజుకు అంతకన్నా పెళ్ళి విందు ఏముంటుంది?

ఒకసారి తయారైన విషాన్ని వంట తీయలేదు. 250 డిగ్రీలు దాటితే గాని అఫ్లాటాక్సిన్ సరిగ్గా విరగదు. ఉడకబెడితే నీరు వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది. వేయిస్తే కొంత తగ్గుతుంది, పోదు. మైపాడు ఒడ్డున ఇసుకలో వేయించి పొట్లం కట్టిచ్చే కాయ నాకూ ఇష్టమే. ఒలిచి ఒక్కసారి చూసి నోట్లో వేసుకోవడం మాత్రం అలవాటు చేసుకున్నాను.

ఒంట్లోకి వెళ్ళాక కథ కాలేయంలో జరుగుతుంది. మందులనూ విషాలనూ విరగ్గొట్టి బయటికి పంపడం కాలేయం పని. దానికోసం సైటోక్రోమ్ పి450 అనే ఎంజైములు ఉంటాయి. అవి బి1ను విరిచే ప్రయత్నంలో దాన్ని ఎపాక్సైడ్ అనే చురుకైన రూపంలోకి మారుస్తాయి. అది పోయి డీఎన్‌ఏలోని గ్వానిన్ అక్షరానికి అతుక్కుంటుంది. కణం విడిపోయేటప్పుడు ఆ చోట అక్షరం తప్పు పడుతుంది. క్యాన్సర్ రాకుండా కాపలా కాసే పి53 జన్యువులో 249వ చోట ఒకే రకమైన అక్షర దోషం, ఈ విషం ఎక్కువగా తినే ప్రాంతాల కాలేయ క్యాన్సర్ రోగుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది. వేలిముద్ర వదిలి వెళ్ళే దొంగ ఇది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో పెట్టింది.

షాంఘైలో పద్దెనిమిది వేల మందికి పైగా మగవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం ఒకటుంది. అఫ్లాటాక్సిన్ తగిలినవాళ్ళకు కాలేయ క్యాన్సర్ ముప్పు 3.4 రెట్లు. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకు 7.3 రెట్లు. రెండూ ఉన్నవాళ్ళకు దాదాపు 60 రెట్లు. రెండూ కూడలేదు, ఒకదాన్నొకటి ఎగదోశాయి. అందుకే హెపటైటిస్ బి టీకా ఈ బూజు విషానికి కూడా ఒక కవచం. నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెంలో పుట్టిన కె.ఐ. వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఆ టీకాను తొలిసారి మన దేశంలో తయారుచేసి అందుబాటు ధరకు తెచ్చింది. శనక్కాయ బూజుతో దానికి సంబంధం ఉందని ఆ రోజు ఎవరూ చెప్పి ఉండరు. మా జిల్లా బిడ్డ చేసిన ఆ మేలు ఈ దారిలో కూడా మా ఒడ్డుకు చేరింది.

ఇక గుప్పెడు గింజల వెంట వెళదాం. దేశాల హద్దులు వేరువేరు. యూరప్ నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి రానివ్వదు, అందులోనూ బి1 2 మించకూడదు. మన వేరుశనగ ఎక్కువగా కొనే ఇండోనేషియా, అఫ్లాటాక్సిన్ ఎక్కువగా ఉందంటూ 2025 సెప్టెంబరులో మన సరుకును కొంతకాలం ఆపేసింది. ఇలాంటి దెబ్బ తగిలినప్పుడల్లా పత్రికల్లో ఎగుమతి నష్టం గురించి రాస్తారు. అది నిజమైన నష్టమే. నన్ను వేధించే ప్రశ్న వేరు. విదేశానికి పనికిరాదని మిల్లులో ఏరేసిన గింజ ఏమైంది? వెనక్కి వచ్చిన సరుకు ఏమైంది? ఏరడం అంటే విషాన్ని ఒక చోటికి పోగెయ్యడం. మంచి గింజ బ్రాండు డబ్బాలోకి వెళితే, ఆ పోగు చవక సరుకుగా మారి, చవకగా కొనుక్కునేవాళ్ళ దగ్గరికి వెళుతుంది. రంగు కనపడకుండా నూరిన పొడిలోకి, బెల్లం పాకం కప్పేసిన అచ్చులోకి, గానుగలోకి. పేదవాడి కాలేయం యూరప్ వాడి కాలేయం కన్నా గట్టిది కాదు.

గానుగలో ఏం జరుగుతుందో చూడండి. అఫ్లాటాక్సిన్ నూనెలో అంతగా కరగదు. వంద కిలోల గింజ ఆడితే నలభై కిలోల పైచిలుకు నూనె దిగిపోతుంది, విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. అంటే గింజలో ఉన్నదానికన్నా చెక్కలో చిక్కబడుతుంది. శుద్ధి చేసిన నూనెలో ఇది దాదాపు మిగలదు. గానుగ నూనె మంచిదని ఇప్పుడు అందరూ మళ్ళీ కొంటున్నారు, సంతోషమే. అయితే అది మంచి గింజ ఆడిన గానుగ అయి ఉండాలి. వడకట్టని గానుగ నూనెలో చెక్క నలుసులతో పాటు విషమూ వస్తుంది. ఆ నూనెను ఎండలో పెడితే వెలుగుకు అఫ్లాటాక్సిన్ విరుగుతుందని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 1970లలోనే చూపించారు. మన పెద్దవాళ్ళు నూనెను వడగట్టి ఎండలో పెట్టేవాళ్ళు. ఎందుకో వాళ్ళకు తెలియకపోయినా చేసింది సరైన పని.

చెక్క గేదె తొట్టిలోకి వెళుతుంది. గేదె కాలేయం బి1ను మార్చి ఎం1 రూపంలో పాలలోకి వదులుతుంది. తిన్న విషంలో ఒకటి రెండు శాతం దాకా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. లెక్క వేద్దాం. కిలోకు 100 మైక్రోగ్రాములున్న చెక్కను రోజుకు రెండు కిలోలు పెడితే 200 మైక్రోగ్రాములు లోపలికి వెళ్ళాయి. రెండు శాతమంటే 4 మైక్రోగ్రాములు పాలలో. ఆ గేదె ఆరు లీటర్లు ఇస్తే లీటరుకు 0.67. మన దేశంలో పాలకు హద్దు కిలోకు 0.5. మించిపోయింది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 368 నమూనాల్లో ఎం1 హద్దు దాటి ఉంది. మన పొరుగు తమిళనాడులో 551 నమూనాల్లో 88. పాలలో నీళ్ళు కలిపారా అని మనం వెతుకుతుంటాం. నీళ్ళు కలపని చిక్కటి పాలలోనే ఇది ఉంది, ఎవరూ కలపకుండానే.

పాలు ఎక్కువగా తాగేది పిల్లలు. వాళ్ళ ఒళ్ళు చిన్నది, మోతాదు పెద్దదవుతుంది. మైసూరు ఆసుపత్రిలో పోషకాహార లోపంతో ఉన్న పిల్లలకు బలానికని వేరుశనగ పిండి పెడితే, ఆ పిండిలో అఫ్లాటాక్సిన్ ఉండటంతో వాళ్ళ కాలేయాలు దెబ్బతిన్న సంగతిని వైద్యులు 1971లో రాశారు. మంచి మనసుతో పెట్టిన తిండి! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి, మన బడుల్లో పిల్లల చేతికిచ్చే వేరుశనగ చిక్కీ ఏ గింజతో చేశారు అని అడగటం ఎవరినో తప్పుపట్టడంగా నాకు తోచదు. శనక్కాయ పిల్లలకు దొరికే చవకైన మాంసకృత్తు. దాన్ని మాన్పించడం పరిష్కారం కాదు, అడగాల్సింది శుభ్రమైన గింజ.

అడగడానికి వీలుందా? ఉంది. ఇక్రిశాట్ 2016లో ఒక చిన్న పట్టీ పరీక్ష తెచ్చింది. పదిహేను నిమిషాల్లో ఫలితం, ఖర్చు రెండు డాలర్ల లోపు. ఆ సంస్థలోనే కిరణ్ శర్మ, పూజా భట్నాగర్ మాథుర్ బృందం 2017లో రెండు కాపలాలున్న వేరుశనగను చూపించింది. బూజును ఎదిరించే డిఫెన్సిన్ ప్రొటీన్లు ఒకటి, బూజు విషం తయారుచేసే జన్యువునే నోరు మూయించే ఏర్పాటు ఇంకొకటి. అది జన్యుమార్పిడి పంట, చేలోకి రావడానికి చాలా దూరం ఉంది. దానికోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. చివరి తడి, జిప్సం, కాయ పైకి పరవడం, రాత్రి పట్ట, తడపని వలుపు. వీటిలో కొత్త విజ్ఞానం ఏదీ లేదు. లేనిది ధర. కాయను కొనేటప్పుడు గుప్పెడు వలిచి పప్పు ఎంత దిగిందో తూచి రేటు కడతారు. ఆ కాయలో బూజు ఉందా, తేమ ఎంత అని చూసి రెండు రూపాయలు ఎక్కువ పెట్టేవాళ్ళు అరుదు. పది రోజులు ఆరబెట్టిన రైతు తూకంలో నష్టపోతాడు, పచ్చిగా అమ్మినవాడు గెలుస్తాడు. ఈ లెక్క మారనిదే రైతుకు పాఠాలు చెప్పడం అన్యాయం.

సాయంత్రమైంది. పాల లెక్క అవ్వకు చెప్పాను. మైక్రోగ్రాములు చెప్పలేదు. "నువ్వు ఊసేసింది గేదె తింటది, గేదె పాలు నీ మనవడు తాగుతాడు" అన్నాను. ఆమె ఏరడం ఆపి ఒళ్ళోకి చూసుకుంది.

"మరి వీటినేం చెయ్యమంటావు?"

గేదెకే కాదు, కోళ్ళకు కూడా వేయొద్దన్నాను. గొయ్యి తీసి పూడ్చమన్నాను, లేదంటే కాల్చేయమన్నాను. ఆమె లేచి పెరట్లోకి వెళ్ళింది. స్నానానికి నీళ్ళు కాగుతున్న పొయ్యి అక్కడ ఎర్రగా మండుతోంది. చీర చెంగు దులిపింది. నూనె గింజలు కదా, చిటపటమని ఒక్కసారి మంట లేచి కాగు అంచు దాకా అందుకుంది.

"రెండు కేజీలుంటాయి, ఈ ఏడాది మొత్తమ్మీద," అంది. "మిల్లోళ్ళకి ఎన్ని గోతాలో."